ఆరు నెలల పాప: ఆయమ్మా, డేకేరా?



హైదరాబాద్‌లో హఫీజ్‌పేట్, మదీనాగూడ, మియాపూర్, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో బిడ్డ పుట్టిన ఇంటికి చూడటానికి వెళ్తే, పోలికలు ఎవరివి, పేరేం పెట్టారు అన్న మాటలు అయిపోగానే వచ్చే ప్రశ్న ఒకటే. సెలవు అయిపోయాక పాపను ఎవరు చూస్తారు? ఆయమ్మను పెట్టుకుంటారా, డేకేర్‌లో వేస్తారా? అడిగేవాళ్ళు మామూలుగానే అడుగుతారు. పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ తల్లికి మాత్రం గుండెలో కలుక్కుమంటుంది. ఈ రోజు దాని గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ఈ ప్రశ్నకు ఒక గడువు ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, మొదటి ఇద్దరు పిల్లల విషయంలో, జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అంటే తల్లి తిరిగి ఆఫీసు మెట్లెక్కే రోజుకు బిడ్డ వయసు నాలుగు నెలలకూ ఆరు నెలలకూ మధ్య ఉంటుంది. అప్పటికి పాపకు మెడ నిలిచి ఉంటుంది, బోర్లా పడుతూ ఉంటుంది, అమ్మ వాసన, అమ్మ గొంతు తెలుసు. ఆకలైనా, కడుపునొప్పైనా, పక్క తడిసినా చెప్పుకోవడానికి ఏడుపు ఒక్కటే దారి. ఆ ఏడుపులో తేడా పట్టగలిగిన మనిషి రోజంతా పక్కన ఉండాలి. మనం వెతుకుతున్నది ఆ మనిషిని.

ఒకప్పుడు ఆ మనిషి ఇంట్లోనే ఉండేది. అమ్మమ్మో, నానమ్మో, పెళ్ళికాని పిన్నో. హఫీజ్‌పేట్ సంగతి వేరు. 1998లో సైబర్ టవర్స్ మొదలై, 2003లో ఎంఎంటీఎస్ రైళ్ళు నడిచి, ఆ చుట్టుపక్కల ఆఫీసులు పెరిగే కొద్దీ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు చాలామంది. హఫీజ్‌పేట్‌లో రైలెక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. ఆఫీసు దగ్గరే, అమ్మగారి ఊరే దూరం. కరీంనగర్ నుంచో నెల్లూరు నుంచో అమ్మమ్మ మూడు నెలలు వచ్చి ఉంటుంది. ఊళ్ళో పొలం, గేదెలు, తాతగారి షుగరు మందులు ఆమెను వెనక్కి పిలుస్తాయి. తర్వాత నానమ్మ వంతు. అమెరికాలో ఉన్న మన పిల్లలదీ ఇదే పద్ధతి. అక్కడ సందర్శకుల వీసా మీద వెళ్ళిన అమ్మానాన్నలను మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి అటు ఆరు, ఇటు ఆరు అని వియ్యంకులు వంతులు వేసుకుంటారు. పెద్దవాళ్ళు రావడం గొప్ప ఆసరా. అయితే అరవై దాటిన మోకాళ్ళతో దోగాడే పిల్ల వెనక రోజంతా తిరగడం ఎంత కష్టమో వాళ్ళు నోరు విప్పి చెప్పరు. చెప్పడం లేదు కదా అని మనం ఊరుకోవద్దు.

ఇక అసలు విషయం. ఆయమ్మా, డేకేరా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. రోజూ పాపను ఎత్తుకునే చేతులు ఎవరివి? ఆ చేతుల్లో ఇంకా ఎంతమంది పసిపిల్లలున్నారు? ఆ మనిషి ఏడాది పాటు ఉంటుందా, నెలకొకరు మారతారా? ఏడాది లోపు బిడ్డకు ఈ మూడింటికీ మంచి జవాబు ఎక్కడ దొరికితే అదే మంచి చోటు.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. 1951లో జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఒక నివేదిక రాశాడు. తల్లికి దూరమైన పిల్లలకు జరిగే నష్టం గురించి ఆయన రాసింది చదివి ఉద్యోగం చేసే తల్లులు తరాల పాటు కుమిలిపోయారు. ఆయన చూసిన పిల్లలు ఎక్కువగా అనాథాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో నెలల తరబడి ఉండిపోయినవాళ్ళు. సాయంత్రానికి అమ్మ ఒడికి చేరే పిల్లల సంగతి అది కాదు. అలాంటి పిల్లల మీద అమెరికాలో 1991లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. పది చోట్ల 1,300 మందికి పైగా శిశువులను పుట్టినప్పటి నుంచి ఏళ్ళ తరబడి గమనించారు. పిల్లల ఎదుగుదల మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది ఇల్లూ, తల్లిదండ్రుల తీరే అని తేలింది. ఆ తర్వాత చూసేవాళ్ళ తీరు. పాప ‘ఊఁ’ అంటే తిరిగి ‘ఊఁ’ అనేవాళ్ళు ఉన్నారా లేదా అన్నది లెక్కకు వచ్చింది. మంచి డేకేర్‌లో ఉన్న పిల్లలకు మాటలు కాస్త ముందే వచ్చాయి. చాలా గంటలు గడిపిన కొందరిలో పెంకితనం కొంచెం ఎక్కువ కనిపించింది. రెండు తేడాలూ చిన్నవే. కాబట్టి తల్లులారా, ఉద్యోగానికి వెళ్తున్నందుకు మీరు బిడ్డకు అన్యాయం చేస్తున్నారని ఎవరైనా అంటే ఆ మాటను చెవిన పెట్టకండి.

ఆయమ్మ సంగతి మొదట చూద్దాం, ఎందుకంటే ఇక్కడ ఎక్కువమంది మనసు అటే మొగ్గుతుంది. పాప ఇంట్లోనే, తన ఉయ్యాల్లోనే ఉంటుంది. నిద్రలో లేపి కారెక్కించనక్కర్లేదు. జలుబులు తక్కువ. ఒకరికి ఒకరు. ఇవన్నీ నిజమే. మా పక్క ఫ్లాట్లో ఒక ఆయమ్మ పాపకు ఉగ్గు పెడుతుండగా చాలాసార్లు చూశాను. చెంచా పెదవి దాకా తెచ్చి ఆపుతుంది. పాప నోరు తెరిచేదాకా ఆగుతుంది. తెరవకపోతే చెంచా గిన్నెలో పెట్టి, కిటికీలోంచి రైలు చూపించి నాలుగు మాటలు చెప్పి, మళ్ళీ తెస్తుంది. ఫోను పక్క గదిలో మోగుతున్నా లేవదు. అలాంటి ఆమె దొరికితే ఇంకేమీ ఆలోచించకండి.

అందరికీ అలాంటి ఆమె దొరకదు. ఏజెన్సీ వాళ్ళు కమిషన్ తీసుకుని ఒకరిని పంపుతారు. ఆమె నచ్చకపోతే, మానేస్తే ఇంకొకరిని పంపుతామంటారు. ఆ మాట వినడానికి భరోసాగా ఉంటుంది. బిడ్డ వైపు నుంచి చూడండి. నాలుగు నెలల్లో ముగ్గురు మారితే పాపకు ముగ్గురు తల్లులు వచ్చి పోయినట్టే. ఆయమ్మతో ఉన్న పెద్ద చిక్కు ఇదీ, దీని పక్కనే ఇంకొకటీ. ఫ్లాట్ తలుపు వేశాక లోపల ఒక పెద్ద మనిషి, ఒక పసిబిడ్డ. ఆమెకు కళ్ళు తిరిగినా, విసుగొచ్చినా, రెండు నిమిషాలు పాపను అందుకునే రెండో మనిషి లేదు. అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరైనా ఉంటేనో, తల్లిదండ్రుల్లో ఒకరు ఎక్కువ రోజులు ఇంటి నుంచి పనిచేస్తుంటేనో ఆయమ్మ మంచి ఏర్పాటు. అప్పుడు పెద్దావిడ మోకాళ్ళకు విశ్రాంతి, ఆయమ్మకు తోడు. ఏడాది లోపు పాపనూ కొత్త మనిషినీ పొద్దున్నుంచి రాత్రిదాకా ఒంటరిగా వదలడం నాకు ఇష్టం లేదు.

కెమెరా ఉంది కదా అంటారు. పెట్టుకోండి, పెట్టామని ఆమెకు చెప్పి పెట్టుకోండి. మాదాపూర్‌లో మీటింగ్‌లో కూర్చుని ఫోన్‌లో చూసే తల్లికి పాప ఏడుస్తున్నట్టు తెలుస్తుంది, అక్కడికి చెయ్యి చాచలేదు. కెమెరాతో పాటు నడిచి రెండు నిమిషాల్లో తలుపు తట్టగల పొరుగింటి మనిషి ఒకరు, వాళ్ళ దగ్గర ఒక తాళం చెవి ఉండాలి.

పనిలో పెట్టుకునే ముందు ఆధార్ చూసి ఊరుకోకుండా పోలీసు వెరిఫికేషన్ చేయించుకోండి. ఆఫీసులో చేరడానికి రెండు మూడు వారాల ముందే ఆమెను రమ్మనండి. మీరు ఇంట్లో ఉండగానే పాపను ఆమెకు అలవాటు చేయండి. ఆరో నెలలో పిల్లలు కొత్తవాళ్ళ దగ్గరికి తేలిగ్గానే వెళ్తారు. ఎనిమిది, తొమ్మిది నెలలు వచ్చేసరికి కొత్త మొహం కనపడితే ఏడుపు అందుకుంటారు. సెలవు పొడిగించుకుని తొమ్మిదో నెలలో చేరేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుని అలవాటు చేయడం ముందే మొదలుపెట్టాలి.

కొన్ని విషయాలు మొహమాటం లేకుండా మొదటిరోజే చెప్పాలి. ఫోన్ చేసి అడగకుండా ఏ మందూ వేయకూడదు, గ్రైప్‌వాటర్ అయినా సరే. ఏడాది దాకా తేనె నాకించకూడదు. వెల్లకిలా పడుకోబెట్టాలి. స్నానం తర్వాత మూసిన గదిలో సాంబ్రాణి పొగ వేస్తే పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిండి పెట్టిన తల్లిపాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. ఆ నాలుగు గంటల లెక్క చల్లటి గదికి. మన ఏప్రిల్, మే ఎండల్లో పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. తాగించే ముందు గిన్నెను వేడినీళ్ళలో ఉంచి వెచ్చచేయాలి, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. పాలసీసా కడగడం కష్టం, ఉగ్గుగిన్నె కడగడం తేలిక. ఉగ్గుగిన్నెతో పట్టడం రాకపోతే అమ్మమ్మ నేర్పుతుంది.

ఇంకో మాట. మన పాపను ఎత్తుకున్న ఆయమ్మకూ పిల్లలుంటారు. ఊళ్ళో అమ్మ దగ్గర వదిలి వచ్చి ఉంటుంది. లేదా వాళ్ళ బస్తీలో పెద్ద కూతురు బడి మానేసి చిన్నదాన్ని చూస్తూ ఉంటుంది. ఆమెకు సంక్రాంతికో బతుకమ్మకో ఊరెళ్ళాలని ఉంటుంది. వారానికి ఒక సెలవు, చెప్పిన తేదీకి జీతం, మనం తినే అన్నమే ఆమెకూ, ఆమె బిడ్డకు జ్వరమొస్తే వెళ్ళిరమ్మనే మనసు మన దగ్గర ఉంటే ఆమె నిలుస్తుంది. ఆమె నిలిస్తేనే మన పాపకు ఆ చేతులు నిలుస్తాయి.

ఇక డేకేర్. ఇక్కడ వీధికొకటి వెలిసింది. గోడల మీద రంగురంగుల జిరాఫీలు, ఏసీ, మొబైల్‌లో లైవ్ వీడియో. చేర్పించే ముందు చూసి రమ్మంటారు, ఉదయం పదకొండు గంటలకు రమ్మంటారు. ఆ వేళకు అంతా కడిగిన ముత్యంలా ఉంటుంది. మీరు సాయంత్రం నాలుగున్నరకు వెళ్ళండి. నిద్రలు లేచి, ఆకలేసి, డైపర్లు నిండి, నలుగురు ఒకేసారి ఏడ్చే వేళ అది. అప్పుడు ఆ గదిలో ఎంతమంది ఆయాలున్నారో లెక్కపెట్టండి. ఒకరిని ఎత్తుకుంటే మిగిలిన ముగ్గురిని ఎవరు పలకరిస్తున్నారు? డైపర్ మార్చిన మనిషి చెయ్యి కడుక్కునే పాలసీసా అందుకుందా? సీసాల మీద పేర్లు రాసి అంటించారా? పడుకునే గదిలో గాలి ఆడుతోందా? ఆరు నెలల పిల్లల గదిలోకి రెండేళ్ళ పిల్లలు పరుగెత్తుకొస్తున్నారా? ఏ పాప ఎన్నింటికి పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, ఎన్నిసార్లు విరేచనం అయింది అని రాసే పుస్తకం ఉందా? ఉంటే నిన్నటి పేజీ చూపించమనండి.

మనిషికి ఎంతమంది పిల్లలన్నది కచ్చితంగా అడగాలి. 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ క్రెష్‌ల కోసం, అంటే ఉద్యోగం చేసే తల్లుల పిల్లలను చూసుకునే చోట్ల కోసం, ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ళ లోపు పిల్లలకు పదిమందికి ఒకరు చొప్పున ఉండాలన్నారు. నడిచే పిల్లలకు అది సరిపోతుందేమో, ఏడాది లోపు వాళ్ళకు చాలదు. ఇంగ్లండ్‌లో రెండేళ్ళ లోపు పిల్లలు ముగ్గురికి ఒకరు ఉండి తీరాలన్నది నిబంధన. ముగ్గురికి ఒకరు అని మన దగ్గర పట్టుబట్టలేకపోయినా నలుగురికి ఒకరు ఉన్నచోటు వెతకండి. జిరాఫీల బొమ్మలు లేకపోయినా ఫరవాలేదు. బుడాపెస్ట్‌లో 1946లో ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల డాక్టరు ఒక శిశుగృహం మొదలుపెట్టింది. అక్కడ ప్రతి బిడ్డకూ తనకంటూ ఒక ఆయా. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు తొందరపడకుండా, మాట్లాడుతూ చేయాలన్నది ఆమె పెట్టిన పద్ధతి. ఆట కోసం ప్రత్యేకంగా టైమ్‌టేబుల్ వేసే డేకేర్లు చాలా ఉన్నాయి. డైపర్ మార్చేటప్పుడు పాపతో మాట్లాడే ఆయాలున్న డేకేర్‌ని నేను ముందు ఎంచుకుంటాను. మా పాపకు ఎవరు, వాళ్ళ పేరేమిటి, వాళ్ళు ఇక్కడ ఎన్నేళ్ళుగా ఉన్నారు అని అడగండి. జవాబు తడబడితే ఇంకో చోటు చూసుకోండి.

డేకేర్‌కు పంపిన మొదటి కొన్ని నెలలూ జలుబూ దగ్గూ తప్పవు. వానాకాలంలో చేతుల మీద, కాళ్ళ మీద, నోట్లో పొక్కులొచ్చే హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ ఒకరికి వస్తే గదంతా వస్తుంది. జ్వరముంటే పాపను తీసుకోరు, తీసుకోకూడదు కూడా. తల్లికీ తండ్రికీ కొన్ని సెలవులు మిగిలి ఉండాలి. ఆరు నెలలు నిండగానే ఫ్లూ టీకా గురించి డాక్టర్ని అడగండి. తట్టు, రుబెల్లా టీకా తొమ్మిదో నెలలో గానీ వేయరు. అందుకని ఆ లోపు మన పాప చుట్టూ ఉండే పెద్ద పిల్లలకు టీకాలు పడ్డాయో లేదో అడగడం మన హక్కు.

ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా అన్నదానికీ నా జవాబు చెబుతాను. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్ళేవాళ్ళయితే ఇంటి దగ్గరే మేలు. సాయంత్రం వానపడి కొత్తగూడ, కొండాపూర్ రోడ్డు నిండిపోయినప్పుడు కారు సీట్లో గంటసేపు ఏడ్చే పాపతో ఆ ప్రయాణం వద్దు. ఇంటి దగ్గరైతే పొరుగువాళ్ళైనా తెచ్చుకుంటారు. ఇంకా తల్లిపాలు తాగే పాప ఉండి, ఐదు రోజులూ ఆఫీసుకు వెళ్ళే తల్లికి మాత్రం ఆఫీసులోనో పక్కనో ఉన్న క్రెష్‌కు మించింది లేదు.

ఇది సంస్థలు దయతో ఇచ్చే సౌకర్యం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ ఏర్పాటు చేయాలని 2017 సవరణే చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ ప్రయోజనాల గురించి రాతపూర్వకంగా తెలపాలని కూడా ఆ సవరణలో పెట్టారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ క్రెష్ నిబంధన ఉంది. కొన్ని సంస్థలు కలిసి ఒకటి పెట్టుకోవచ్చని కూడా అందులో వీలు ఇచ్చారు. ఒకే టవర్‌లో పది కంపెనీలు ఉండే మన దగ్గర ఇంతకన్నా అనువైన దారి ఇంకేం ఉంటుంది?

ఆ టవర్లు కట్టిన వాళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే నిర్మాణ స్థలంలో వాళ్ళ పిల్లలకు గది, చూసే మనిషి ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాల్లో పడుకున్న బిడ్డను చూసి మీరా మహాదేవన్ 1969లో ఢిల్లీలో మొబైల్ క్రెషెస్ అనే సంస్థను మొదలుపెట్టారు. హఫీజ్‌పేట్ చుట్టూ ఇంకా ఎన్నో అంతస్తులు లేస్తున్నాయి. అక్కడ ఇటుకలు మోసే తల్లికీ, మీకూ పొద్దున తొమ్మిదింటికి ఉండే బెంగ ఒక్కటే.

తండ్రులకు ఒక మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ప్రైవేటు రంగానికి అలాంటి చట్టం లేదు. కంపెనీ ఇచ్చినన్ని రోజులు పూర్తిగా తీసుకోండి. డేకేర్ వాళ్ళకు ఫోన్ నంబరు ఇచ్చేటప్పుడు ముందు మీ నంబరు ఇవ్వండి. పాపకు ఒళ్ళు వెచ్చబడితే మొదటి ఫోను మీకు రావాలి. డేకేర్ ఏడింటికి మూస్తారు, అమెరికా వాళ్ళ కాల్ ఏడున్నరకు మొదలవుతుంది. ఆ అరగంట ఎవరిదన్న గొడవ రోజూ పడేకంటే వారం ముందే పంచుకోండి.

మీ సెలవు ఇంకా రెండు నెలలు మిగిలి ఉంటే ఈ వారమే మూడు పనులు చేయండి. ఆఫీసు హెచ్‌ఆర్‌కు క్రెష్ ఎక్కడుందో రాతపూర్వకంగా అడగండి. లేదంటే ఎప్పుడు పెడతారో అడగండి. మీతోపాటు సెలవులో ఉన్న మిగతా తల్లులనూ ఆ ఉత్తరంలో కలుపుకోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సమావేశంలో, క్లబ్‌హౌస్‌లో పగలంతా ఖాళీగా ఉండే ఒక గదిని పసిపిల్లల కోసం ఇవ్వమని, నలుగురు తల్లులు కలిసి ఇద్దరు ఆయమ్మలను పెట్టుకుంటామని చెప్పి చూడండి. ఆయమ్మ వైపు మొగ్గినా, డేకేర్ వైపు మొగ్గినా పాపతో కలిసి వెళ్ళి ఒక పూట అక్కడ కూర్చుని చూడండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.